పాస్కో సాబ్ చెవులు

లోడర్ వెనక్కి వస్తోంది. దాని హారన్ రాతి గోడలకు తగిలి రెట్టింపు మోగుతోంది. భూమికి ముప్పై మీటర్ల లోతున, నాలుగు మీటర్ల వెడల్పున్న సొరంగంలో ఆ మోత వినపడని మనిషి ఉండడు. పాస్కో మాత్రం కదల్లేదు. గోడకు ముఖం దగ్గరగా పెట్టి, టార్చి వెలుగులో ఒక పగులును చూస్తూ నిలబడ్డాడు.

జలంధర్ చేతిలోని గడ్డపార పారేసి దూకాడు. పాస్కో కాలర్ పట్టి పక్కకు లాగాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. లోడర్ బకెట్ పాస్కో నిలబడ్డ చోటును రాసుకుంటూ పోయి గోడను గుద్దింది.

పాస్కో లేచి డ్రైవర్‌ని తిట్టాడు. "హారన్ కొడుతూనే ఉన్నాను సాబ్" అని ఆ నేపాలీ డ్రైవర్ మొత్తుకున్నాడు. పాస్కో వాడి పెదవులు కదలడం ఆగేదాకా చూసి ఇంకో తిట్టు తిట్టాడు.

జలంధర్‌కి అప్పటిదాకా చూసినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. వెనక నుంచి పిలిస్తే పాస్కో తిరగడు. వాకీటాకీ ఎప్పుడూ ఫోర్‌మన్ ముజఫ్ఫర్ అలీ చేతిలోనే ఉంటుంది. తల మీది రాతి కప్పును కొట్టి చూడాల్సి వస్తే తాను కొట్టడు, జలంధర్‌తో కొట్టిస్తాడు.

మధ్యాహ్నం రొట్టెల వేళ ఇద్దరే ఉన్నప్పుడు జలంధర్ ఆయన ఎదురుగా కూర్చుని, పెదవులు బాగా కదిలిస్తూ అడిగాడు.

"సాబ్, ఎప్పటి నుంచి వినపడదు?"

పాస్కో రొట్టె నమలడం ఆపాడు. "ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకు."

వాళ్ల మధ్య ఒప్పందం అలా మొదలైంది. అది 2015వ సంవత్సరం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వచ్చేలోగా ఖతార్‌లో దోహా రోడ్ల కింద వాన నీళ్లు పోయే సొరంగాలు సిద్ధం కావాలి. అల్ ఘర్రాఫాలో విల్లాల వెనక బావిలా నిలువుగా ఒక షాఫ్ట్ దించారు. దాని అడుగు నుంచి పెద్ద సొరంగం దాకా అరవై మీటర్ల చిన్న సొరంగం తవ్వాలి. అక్కడ పెద్ద యంత్రం పట్టదు. బ్రేకర్లతో, మనుషులతో తవ్వాలి. ఆ పని తెలిసినవాళ్ల కోసం కంపెనీ వెతికితే ఇద్దరు దొరికారు. ఒకడు ఇంగ్లండ్ పడమటి కొసన కార్న్‌వాల్ నుంచి వచ్చిన అరవై ఒక్క ఏళ్ల పాస్కో, ఆ పనికి పెద్ద. రెండోవాడు బొగ్గుబాయిల మందమర్రి నుంచి వచ్చిన ముప్పై ఎనిమిదేళ్ల జలంధర్.

పాస్కోది తగరం గనుల ఊరు. తాత, తండ్రి, మేనమామ అందరూ గనిలో దిగినవాళ్లే. గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఊళ్లో మగవాళ్లు ఓడలెక్కారు. పాస్కో పద్దెనిమిదేళ్లకు జాంబియాలో రాగి గనిలో దిగాడు. అక్కడి నుంచి ఆస్ట్రేలియా, చిలీ, మళ్లీ ఆఫ్రికా. నలభై మూడేళ్లలో సొంత ఇంట్లో పడుకున్న రాత్రులన్నీ కలిపితే రెండేళ్లు కావు. భార్య ఎప్పుడో వేరే పెళ్లి చేసుకుంది. ఎక్కడ నేలలో బొక్క ఉంటే అక్కడ మా ఊరివాడు ఒకడుంటాడని పాస్కో చెప్పుకునేవాడు. గర్వంగానే చెప్పేవాడు.

బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లు తల మీది రాతిని కప్పు అంటారు. షిఫ్టు మొదలవగానే ఒకడు ముందుకు పోయి ఇనుప కడ్డీతో కప్పును కొట్టాలి. గట్టి కప్పు ఖణ్‌మంటుంది. లోపల వదులుంటే మోత చచ్చిపోతుంది, డొల్లగా వినిపిస్తుంది. కొట్టేటప్పుడు రెండో చేతి వేళ్లు రాతికి ఆనించి పెట్టాలి. చెవి మోసపోయినా వేళ్లు మోసపోవు, రాయి లోపల వణికితే తెలిసిపోతుంది. జలంధర్ ఇది తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. పాస్కో మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, జలంధర్‌కి వచ్చిన ముక్కల ఇంగ్లీషే ఇద్దరికీ వారధి. కానీ మొదటి రోజు జలంధర్ కడ్డీ ఎత్తి, ఎడమ చెయ్యి రాతి మీద పెట్టిన తీరు చూసి పాస్కో మిగతావాళ్లను వెనక్కి పొమ్మన్నాడు. "వీడు గనివాడు" అన్నాడు.

పాస్కో చెవులను డ్రిల్లులు తినేశాయి. వేళ్లను కూడా. చలి గదిలో కూర్చుంటే ఆయన వేళ్ల కొసలు సున్నంలా తెల్లబడేవి. సూది గుచ్చినా తెలియదు. ఏటా కంపెనీ క్లినిక్‌లో చెవుల పరీక్ష ఉండేది. హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినగానే చెయ్యెత్తమంటారు. పాస్కో నర్సు భుజం వైపు చూసేవాడు. ఆమె మీట నొక్కినప్పుడల్లా భుజం కాస్త కదులుతుంది. ఈయన చెయ్యెత్తేవాడు. నాలుగేళ్లు అలా గట్టెక్కాడు.

"ఇంకో రెండేళ్లు" అన్నాడు జలంధర్‌తో. "ఆ తర్వాత ఇంటికి పోతాను. పనిలో ఉన్నవాడుగానే పోతాను, పనికిరానివాడుగా కాదు."

దానికి జలంధర్ చెవులు కావాలి. ఆ చెవులు నమ్మకంగా పనిచేశాయి. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో పన్నెండుగురి గది నుంచి జలంధర్ నలుగురి గదికి మారాడు. ఛార్జ్‌హ్యాండ్, అంటే చిన్న మేస్త్రీ అయ్యాడు. ముజఫ్ఫర్ అలీ వెటకారంగా పిలిచేవాడు. "అరే కాన్ సాబ్, ఆజా. ఛత్ క్యా బోల్ రహీ హై?" ఏమయ్యా చెవి దొరా, కప్పు ఏమంటోంది అని. జలంధర్‌కి ఆ వెటకారం బాగుండేది. అరవై మందిలో ఒక్కడినే అలా పిలుస్తారు మరి.

*

ఆ ఆగస్టులో పాస్కో ఒక మాట అడిగాడు. "రాత్రి షిఫ్టు కూడా మొదలుపెడుతున్నారు. రెండో చెవి కావాలి. మీ ఇంటి దగ్గర ఇంకో గనివాడు లేడా? చుట్టం ఎవరైనా?"

అడిగి తనే నవ్వాడు. "మా ఊరివాడిని ఏ దేశంలో ఈ మాట అడిగినా ఒకటే జవాబు. ఇంటి దగ్గర నాకు జాక్ అని ఒక కజిన్ ఉన్నాడు, మంచి పనివాడు, టికెట్ పంపండి అంటాడు. అందుకే లోకమంతా మమ్మల్ని కజిన్ జాక్‌లు అంటారు."

"మా దగ్గర కూడా అంతే సాబ్" అన్నాడు జలంధర్. "నాకు బామ్మర్ది ఉన్నాడు. ఆరేళ్లు బాయిలో చేశాడు."

నోటి నుంచి వచ్చేసింది. భార్య విజయరాణి ఏడాది నుంచి ఫోనులో ఒకటే పాట. "నువ్వు దుబాయ్‌ల దొరవైతివి. మా తమ్ముడేమో ఊళ్లె డబ్బాలు మోసుకుంట తిరుగవట్టె. జర వాణ్ణి గూడ తోలుకపోరాదయ్యా." ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే.

తమ్ముడి పేరు గజేందర్. ఇరవై ఆరేళ్లు. బొగ్గుబాయిలో ఒక్కసారీ దిగలేదు. టెంట్‌హౌస్‌లో పెళ్లిళ్లకు, బారాత్‌లకు డీజే బాక్సులు మోసేవాడు, వాటి పక్కనే నిలబడి ఎగిరేవాడు. అనుభవం కాగితం మంచిర్యాలలో ఒక జిరాక్స్ షాపులో తయారైంది. మూతపడ్డ కాంట్రాక్టర్ ఒకడి పేరు మీద, ఆరేళ్లు పనిచేసినట్టు.

ఆ కాగితం సైట్ ఆఫీసులో సత్యనారాయణ ముందుకొచ్చింది. ఆయన సేఫ్టీ ఇంజనీరు, తెనాలి మనిషి. షాఫ్ట్‌కి నాలుగు వీధుల అవతలే భార్యాపిల్లలతో ఉంటాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇరవయ్యో ఏటే దిగాడా ఏంటి? ఫోన్ నంబర్ కొడితే పనిచెయ్యట్లేదే."

"కాంట్రాక్టర్ ఎత్తేసిండు సార్."

"ఎత్తేశాడా, ఎప్పుడూ లేడా?"

పక్కనున్న పాస్కో ఆయన ముఖంలో అనుమానం చదివాడు. "నేను పద్దెనిమిదికి దిగాను. జలంధర్ చుట్టం అంటే చాలు. రాయండి" అన్నాడు.

సత్యనారాయణ రాసి సంతకం పెట్టాడు.

*

గజేందర్ దిగిన మొదటి రోజు పాస్కో కడ్డీ చేతికిచ్చి కప్పు చూపించాడు. గజేందర్ ముఖం పాలిపోయింది. జలంధర్ ముందే చెప్పి ఉంచాడు. పాస్కో వెనక నిలబడి, కప్పు మంచిదైతే హెల్మెట్ సర్దుకున్నాడు. చెడ్డదైతే ముక్కు తుడుచుకున్నాడు. గజేందర్ ఆరుసార్లు కొట్టి ఆరుసార్లూ సరిగ్గా చెప్పాడు. పాస్కో వాడి వీపు చరిచాడు.

బస్సులో క్యాంపుకి పోతూ గజేందర్ గుసగుసలాడాడు. "బావా, నాకు గుండె నోట్లకొచ్చింది. అన్ని దెబ్బలు ఒక్కతీర్గనే ఇనవడ్డయి."

"ఇనవడ్తయి తియ్. చెవి పడాలె."

"గట్ల గాదు. నువ్వు ఏం పట్టుకుంటున్నవో జర చెప్పు. ఏల్లు ఎందుకు పెడ్తున్నవ్ కప్పుకు?"

"రేపు చెప్త."

మర్నాడు చెప్పలేదు. పాస్కో ఇద్దరినీ మూడు నెలలు ఒకే షిఫ్టులో వేశాడు. "మీ వాడికి మా రాయి అలవాటు చెయ్యి. బొగ్గు వేరు, ఈ సున్నపు రాయి వేరు. లోపల గుహలుంటాయి, నీళ్లుంటాయి. నువ్వు సరే అన్నాక రాత్రి షిఫ్టుకి పంపుతాను" అన్నాడు. జలంధర్ తలూపాడు. రోజూ హెల్మెట్ సర్దుకున్నాడు, ముక్కు తుడుచుకున్నాడు. గజేందర్ అడగడం మానలేదు.

"బావా, శుక్రారం సెలవు గదా. ఉత్త గోడలన్న కొట్టి చూపియ్యరాదు?"

"నీకు డీజే చెవులురా. గవి సాఫ్ కావాలంటే ఏడాది పడ్తది."

గదిలో అందరూ నవ్వారు. గజేందర్ కూడా నవ్వాడు. కానీ ఒక శుక్రవారం వాడు క్యాంపు వెనక ఒంటరిగా ఇటుక గోడను చెంచాతో కొడుతూ, చెవి ఆనించి వింటూ జలంధర్ కంటపడ్డాడు. జలంధర్ చూడనట్టు పక్కకు తప్పుకున్నాడు.

రాత్రి షిఫ్టు సంగతి పాస్కో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ జలంధర్ "ఇంకా కాలేదు సాబ్" అన్నాడు. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

*

జనవరి రెండో వారం. పొద్దున్నే, బస్సు దిగగానే పాస్కో చెప్పాడు. "మదీనత్ అల్ షమాల్‌లో ఒక గుంతలో గోడ వదులైందట. అక్కడివాళ్లకు భయంగా ఉంది. నువ్వు పోయి కొట్టి చూసి సాయంత్రానికి రా. ఇక్కడ నీ బామ్మర్ది చూసుకుంటాడు."

షమాల్ అంటే ఉత్తర కొస. గంటకు పైగా ప్రయాణం. బండి ఇంజిన్ ఆన్‌లో ఉంది.

జలంధర్ ముందు ఒక్క నిమిషం ఉంది. సాబ్, వాడికి రాదు అంటే చాలు. అన్నాక ఏమవుతుందో కూడా తెలుసు. దొంగ కాగితం బయటపడుతుంది. గజేందర్ పోలీసుల చేతిలో పడతాడు, తెచ్చినవాడు కూడా. విజయరాణికి ముఖం చూపించలేడు.

"ఒక్క పూట పని ఆపితే కాదా సాబ్?"

పాస్కో అతని పెదవులు చదివి నవ్వాడు. "ప్రపంచ కప్పు నీ కోసం ఆగుతుందా? పో, యల్లా."

జలంధర్ గజేందర్‌ని పక్కకు లాగాడు.

"ఇను. సాబ్ ఎక్కడ కొట్టమన్నా కొట్టు. కొట్టినంక మంచిగలేదు అను. ఎన్నిసార్లు కొట్టినా మంచిగలేదు అనే చెప్పు. మంచిగున్నదని మాత్రం నోట్లకెల్లి రావొద్దు. పని ఆగితే ఆగుతది. ఎవడు చావడు."

"గంతేనా?"

"గంతే."

తెలివైన ఉపాయమే అనిపించింది. బండి హైవే ఎక్కాక జలంధర్ కళ్లు మూసుకుని కునుకు కూడా తీశాడు.

తర్వాత జరిగింది ముజఫ్ఫర్ అలీ చెప్పాడు, గజేందర్ చెప్పాడు. ఇద్దరి మాటలూ కలిశాయి.

గజేందర్ మొదటి దెబ్బ కొట్టి "మాఫీ జైన్" అన్నాడు. బాగాలేదు అని. ముజఫ్ఫర్ నెత్తి కొట్టుకున్నాడు. "శురూ హో గయా. బడా కాన్ గయా, ఛోటా కాన్ ఆయా." మొదలైంది, పెద్ద చెవి పోయి చిన్న చెవి వచ్చింది అని. పాస్కో అతన్ని కసిరాడు. రెండో చోట కొట్టించాడు. మాఫీ జైన్. మూడో చోట. మాఫీ జైన్. పాస్కో విసుక్కోలేదు. బాగాలేదని చెప్పే చెవినే ఆయన నమ్ముతాడు. నలభై మూడేళ్లు బతికింది ఆ నమ్మకం మీదే. ఇనుప స్తంభాలు తెప్పించాడు.

స్తంభాలు నాలుగే ఉన్నాయి. కప్పు మొత్తానికి చాలవు. పాస్కో గజేందర్ వైపు తిరిగి, చేత్తో సైగ చేస్తూ అడిగాడు. "ఎక్కడ? ఎటువైపు ఎక్కువ చెడ్డది?"

ఈ ప్రశ్నకు బావ జవాబు చెప్పి పోలేదు.

గజేందర్ కప్పు వైపు చూశాడు. ఎడమ పక్క తడి మరకలున్నాయి. కుడి పక్క పొడిగా, తెల్లగా, నున్నగా ఉంది. ఎడమ పక్కకు చెయ్యి చూపించాడు.

పాస్కో స్తంభాలన్నీ ఎడమ వైపు పెట్టించాడు. తర్వాత పని మొదలుపెట్టేముందు, గనివాళ్ల అలవాటు ప్రకారం, తనే ముందుగా కప్పు కింద నిలబడ్డాడు. స్తంభాలు లేని కుడి వైపు. గజేందర్ వెంట రాబోతే ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాడు. "నువ్వు వెనక ఉండు. నీ చెవులు నాకు కావాలి."

తడి మరకలున్న వైపు రాయి గట్టిది, నీళ్లు దాని పైపైనే జారుతున్నాయి. పొడిగా ఉన్న వైపు జానెడు పైన గుహ ఉంది. కప్పు ఊడేముందు ఒకసారి చిట్లింది. అందరూ విన్నారు. ముజఫ్ఫర్ అరిచాడు, గజేందర్ అరిచాడు. పాస్కో వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయనకు వినపడలేదు.

*

ఆస్పత్రిలో నాలుగో రోజు చూడనిచ్చారు. పాస్కోకి రెండు కాళ్లూ మోకాళ్ల కింద లేవు. దుప్పటి అక్కడ చదునుగా పరుచుకుని ఉంది. గడ్డం మాసింది. జలంధర్ మంచం పక్కన, వెలుగు తన ముఖం మీద పడేలా కూర్చున్నాడు.

"నీ బామ్మర్దికి దెబ్బ తగిలిందా?"

"లేదు సాబ్."

"మంచిది. కప్పు కొట్టింది నేనే అని చెప్పాను. పిల్లవాడిని భయపడొద్దని చెప్పు."

నాలుగు రోజులుగా కడుపులో పెట్టుకున్నది బయటికొచ్చింది. "సాబ్, వాడు బాయిలో ఎప్పుడూ దిగలేదు. కాగితం దొంగది. నేను అబద్ధం చెప్పాను."

పాస్కో రెప్ప వేయలేదు. "తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"మొదటి రోజే. కడ్డీని చీపురులా పట్టుకున్నాడు. దాంట్లో ఏముంది? నేను జాంబియా పోయినప్పుడు గని ముఖం చూసి ఎరగను. మా ఊరి రొట్టెల దుకాణంలో పనిచేసేవాణ్ణి. మా మేనమామ నన్ను మంచి పనివాడని చెప్పి తీసుకుపోయాడు. అందరినీ అలాగే తీసుకుపోతారు. తెచ్చినవాడు నేర్పుతాడు. అది రివాజు. మా మామ నలభై రోజులు నా చెయ్యి పట్టి రాతి మీద పెట్టాడు. తప్పు చెబితే చెంప మీద కొట్టేవాడు. నలభై ఒకటో రోజున ఒంటరిగా వదిలాడు. నీకు మూడు నెలలిచ్చాను. నిన్ను నేనెరుగుదును కదా అని షమాల్ పంపాను." మోచేతి మీద కాస్త లేచాడు. "ఎన్ని రోజులు నేర్పావు?"

జలంధర్ దగ్గర జవాబులున్నాయి. అలసిపోయాననొచ్చు. వాడి చెవులు మంచివి కావనొచ్చు. పెదవులు కదిలిస్తే చాలు.

"ఒక్క రోజు కూడా నేర్పలేదు సాబ్."

"ఎందుకు?"

"వాడు నేర్చుకుంటే ఇద్దరం అవుతాం. ఇప్పుడైతే నేనొక్కడినే."

పాస్కో అతని పెదవులనే చూస్తూ ఉండిపోయాడు, ఆ మాటలు ఇంకోసారి చదువుతున్నట్టు. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

జలంధర్ "సాబ్" అన్నాడు. మళ్లీ పిలిచాడు. భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. ముఖం తిప్పుకున్న పాస్కోకి ఇక లోకంలో ఎవరి మాటా చేరదు.

గోడ వైపు చూస్తూనే పాస్కో అన్నాడు. "నా చెవుల సంగతి చెప్పకు. చెవులు మంచివైతే ఇది ప్రమాదం. రాయి పడింది, పడుతుంది. ఇంటికి పోతాను. చెవుల సంగతి తెలిస్తే నేరం అవుతుంది. ఇన్నేళ్ల నా పేరు పోతుంది. అది ఒక్కటి చెప్పకు."

జలంధర్ సరేనన్నాడు. అది పాస్కోకి చేరలేదు.

*

మర్నాడు పదకొండింటికి సత్యనారాయణ క్యాబిన్‌లో పిలుపు. గజేందర్‌ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. సత్యనారాయణ తలుపు మూసి తెలుగులోనే మాట్లాడాడు.

"చూడు జలంధర్, నాకు రెండు స్టేట్‌మెంట్లు వచ్చాయి. కప్పు నేనే కొట్టాను అంటాడు పాస్కో. మీ బామ్మర్ది కొట్టాడు, వాడే చెయ్యి చూపించాడు అంటాడు ముజఫ్ఫర్. రెండూ నిజం కావు కదా?"

"కావు సార్."

"ముజఫ్ఫర్ చెప్పింది నిజమనుకో. అప్పుడు నేను ఆ సర్టిఫికెట్ తీసి మంచిర్యాల దాకా ఎంక్వయిరీ చెయ్యాలి. ఏం తేలుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాని మీద నా సంతకం కూడా ఉంది, అది వేరే విషయం. పాస్కో చెప్పింది నిజమనుకో. అంత అనుభవం ఉన్న మనిషి, ఎడమకీ కుడికీ తేడా తెలియకుండా వెళ్లి ఊడిపోయే కప్పు కిందే నిలబడ్డాడంటే పైవాళ్లు నమ్మరు. కారణం కావాలి. నువ్వు రోజూ ఆయన పక్కనే ఉండేవాడివి. కారణం ఏమన్నా ఉందా?"

గాజు తలుపు అవతల గజేందర్ వీపు కనిపిస్తోంది. వాడి పక్కన నీళ్ల సీసా మూత తీసి ఉంది. తాగలేదు.

జలంధర్ ఎంతసేపు ఆగాడో తర్వాత గుర్తుతెచ్చుకోవాలని చూశాడు. ఎక్కువసేపు కాదు. సత్యనారాయణ పెన్ను మూత తీసేంతసేపు.

"సాబ్‌కు చెవులు వినపడయి సార్. నాలుగేండ్ల సంది."

సత్యనారాయణ కుర్చీలో వెనక్కి వాలాడు. "అమ్మయ్యా" అన్నాడు. ఆ మాట పైకి అన్నానని ఆయనకే తర్వాత తెలిసినట్టుంది, గొంతు సవరించుకున్నాడు. "మరి క్లినిక్ పరీక్ష?"

జలంధర్ నర్సు భుజం సంగతి చెప్పాడు. లోడర్ సంగతి చెప్పాడు. వేళ్లు తెల్లబడే సంగతి కూడా చెప్పాడు. అడగనివి కూడా చెప్పాడు. మొదలుపెట్టాక ఆగలేదు.

సత్యనారాయణ టైపు చేయించి తెలుగులో చదివి వినిపించాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. జలంధర్ కింద సంతకం చేశాడు.

"ఆయన మీద కేసు అయితదా సార్?"

"అది నా చేతిలో లేదు. అది తేలేదాకా దేశం దాటనివ్వరు." సత్యనారాయణ కాగితం ఫైల్లో పెట్టాడు. "మీ వాడిని ఇంక కిందికి దింపకు. స్టోర్‌లో వేయిస్తాను."

బయటికొచ్చేసరికి గజేందర్ లేచి నిలబడ్డాడు. "ఏమన్నరు బావా? నన్ను పిలుస్తరా?"

"పిలువరు. అయిపోయింది. నడువు, బస్సు ఉన్నది."

"ఏమయిపోయింది? నేను చెయ్యి చూపెట్టిన సంగతి చెప్పినవా?"

"సాబే కొట్టిన అని ఒప్పుకున్నడు. చెవులు ఇనవడవని నేను చెప్పిన. గంతే. కథ ఒడిసింది."

గజేందర్ ఎండలో కళ్లు చిట్లించి చూశాడు. "సాబ్‌కు చెవులు ఇనవడవా?" ఒక అడుగు దగ్గరికొచ్చాడు. "మరి నన్ను కొట్టుమన్నది గందుకేనా? నీకు ఎర్కనా గది?"

జలంధర్ బస్సు వైపు అడుగు వేశాడు.

"నీకు ఎర్కనే. నాకు రాదని ఎర్కనే. ఆయనకు ఇనవడదని గూడ ఎర్కనే. ఇద్దర్నీ గా బొందల ఇడిసిపెట్టి బండెక్కినవ్." వాడి గొంతు పెరగలేదు. "నేను లోపటికి పోత. నేనే చూపెట్టిన అని చెప్త."

వాడు క్యాబిన్ వైపు తిరిగాడు. జలంధర్ వాడి మెడ వెనక చొక్కా పట్టుకున్నాడు. వాడు విదిలించుకున్నాడు. జలంధర్ రెండు చేతులా నడుం పట్టి ఈడ్చాడు. చెంప మీద గట్టిగా కొట్టాడు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి చూశాడు.

"జైల్ల పడి చస్తవా? మీ అక్కకు నేనేం చెప్పాలె?"

"గది గూడ అబద్ధమే చెప్పు. నీకు మంచిగ వస్తది."

జలంధర్ వాణ్ణి బస్సు మెట్ల మీదికి నెట్టాడు. డ్రైవర్ తలుపు వేశాడు. బస్సులో షిఫ్టు దిగినవాళ్లు పదిమంది తలలు వేలాడేసి నిద్రపోతున్నారు. జలంధర్ కిటికీ పక్కన కూర్చుని, తన పక్క సీటు మీదున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గజేందర్ ఆ సీటు దాటి పోయాడు. చివర, ఇంజిన్ పక్కన, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఇండస్ట్రియల్ ఏరియా దాకా నలభై నిమిషాలు. బస్సులో సగానికి పైగా సీట్లు ఖాళీ. వాడు నిలబడే ఉన్నాడు.